రీలు అడుగున ఉన్న అంకె

చిరంజీవి బంగారుతల్లికి, అమ్మ దీవించి రాస్తున్నది.

మీ నాన్న మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను, అబద్ధమైనా సరే అవునని రాయి. ఫోను చేస్తే అయిపోయేదానికి ఇంత ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోను ఉన్నది హాల్లో. హాల్లో ఉన్నది మీ నాన్న. అందుకని.

నా కుట్టుమిషను బాగైందా అని అడిగావు. బెల్టు మార్చాక బాగానే నడుస్తోంది. పక్కింటివాళ్ల పెళ్లి జాకెట్లు పన్నెండు ఉన్నాయి, ఒక్కటీ మొదలుపెట్టలేదు. నీ మిగతా ప్రశ్నలే నన్ను మిషను ముందు కూర్చోనివ్వడం లేదు. చేపలు పట్టేవాళ్ల క్లబ్బు ప్రదర్శనలో నాన్న గాలం రీలు పెడతారట, పక్కన పెట్టే చీటీ నువ్వే రాయాలట, రీలు ఏ సంవత్సరం తయారైందో కనుక్కోమన్నావు. ఆ కింద ఏదో మామూలు మాటలా ఇంకోటి అడిగావు. నాన్న రీలు అంచున ఉన్నట్టే నీ రీలు అంచునా రెండు గీతలున్నాయేమిటని, నీ రీలుకు పిడి మాత్రం చెక్కది ఎందుకని. అది చదివి చీటీ సంగతే మర్చిపోయాను.

సరే, వరసగా చెబుతాను. నాకే వరస తెలియడం లేదనుకో.

మంగళవారం మీ నాన్న మోకాలికి వ్యాయామం చేయించుకోవడానికి వెళ్లగానే, రీలును జాకెట్ గుడ్డల మధ్య పెట్టి భూతద్దం అన్నయ్య కొట్టుకు తీసుకెళ్లాను. పాత రీళ్లు బాగుచేసే ఆయనే, నీకు గుర్తుండే ఉంటాడు. చెట్టుకున్న కాయ ఏదో కూడా భూతద్దంలో చూసి గానీ చెప్పడు. రీలును గుడ్డల్లోంచి తీసి, సూది కాల్చి పిడికి ఆనించాడు. ఆసుపత్రి మందు వాసన వచ్చింది.

"ప్లాస్టిక్ పిడి చెల్లెమ్మా. ఈ కంపెనీ అరవై మూడు దాకా పిడిని కొమ్ముతోనే చేసేది. అది కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది. కాబట్టి ఇది అరవై నాలుగుకు ముందుది కాదు" అన్నాడు.

మీ నాన్న ఈ రీలుతో ఆ రికార్డు చేపను పట్టింది అరవై రెండులో. చేప ముందూ రీలు తర్వాతా ఎలా అవుతాయి?

అంతలో ఆయన రీలును తిరగేశాడు. "ఆగాగు. పిడినీ మరలనూ ఎవరైనా మారుస్తారు. గాలం కర్రకు బిగించే ఈ ఇత్తడి పాదాన్ని ఎవడూ ముట్టుకోడు. దీని మీద అరవై ఒకటి అని కొట్టి ఉంది" అన్నాడు. పక్కమూత విప్పి లోపల గోరుతో గీకాడు. పచ్చటి చిలుము, దాని కింద సన్నటి ఇసుక. "ఇది ఒకసారి మునిగిపోయింది చెల్లెమ్మా. ఒక రాత్రో రెండు రాత్రులో నీళ్ల అడుగున ఉంది."

అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మంచినీళ్లిస్తే తాగాను. ఎలా మునిగిందో ఆయనకు చెప్పకుండా వచ్చేశాను. నీకు మాత్రం చెప్పక తప్పదు.

నీకు అప్పుడు మూడేళ్లు. చిన్న విషయానికి మీ నాన్నకూ నాకూ నాలుగు రోజులు మాటల్లేవు. నేనే తగ్గుదామని, ఆయన ప్రాణంగా చూసుకునే రీలును తళతళలాడేలా కడిగిపెడదామని రేవు చెక్కల చివరికి తీసుకెళ్లాను. సబ్బు చేతుల్లోంచి రీలు జారి నీళ్లలో పడింది. పడ్డాక ఒక్క బుడగ వచ్చింది, అంతే. ఆ సాయంత్రమే పాత సామాన్ల కొట్టులో అలాంటిదే ఇంకోటి కొన్నాను. మసి పూసి, రుద్ది, ఆయన రీలు మీదున్న రెండు గీతల్నీ కత్తెర మొనతో గీశాను. అడుగున అంకె ఉంటుందని నాకేం తెలుసు? పోనీ, పిడినైనా చూసుకున్నానా? రోజంతా గుండీలు కుట్టే దాన్ని, కొమ్ముకూ ప్లాస్టిక్కుకూ తేడా తెలియని దాన్నా! కంగారులో నలుపైతే చాలనుకున్నాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, రెండుసార్లు తిప్పి, మేకుకు తగిలించారు. బతికిపోయాననుకున్నాను. ఆ వారమే ఆయనకు జ్వరం మొదలై పది రోజులు విడవలేదు. నా పాపమే పట్టుకుందని ఏడుస్తూ మాత్రలు వేశాను. ముప్పై ఏళ్లుగా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఇప్పుడు చూడు. మేకుకున్నది నేను కొన్నదైతే దాంట్లో ఇసుక ఎలా వచ్చింది? అసలుదైతే నేను కొన్నది ఏమైంది? నీ ఉత్తరం నాలుగోసారి చదివాను. "నా రీలు అడుగున 64 అని ఉంది" అని చివర్లో రాశావు. నీకు ఉద్యోగం వచ్చిన రోజు, ఎవరి దగ్గరో చవగ్గా దొరికిందని చెప్పి ఆయన నీ చేతిలో పెట్టిన రీలు అదే కదా. నా కత్తెర గీతలు నీ దగ్గరున్నాయి, దాని చెక్క పిడి తర్వాత ఆయన పెట్టింది. నేను కొన్నదాని పిడి ఇక్కడ, ఆయన నీళ్లలోంచి తీసిన అసలు రీలుకుంది. నీకిచ్చేదాకా ఆయన తాళం వేసి ఉంచిన పనిముట్ల పెట్టెలో ఉన్నది నేను కొన్న రీలేనని నాకిప్పుడు తెలిసింది.

కోపం వస్తోంది, సిగ్గేస్తోంది, ఏది ముందు వస్తోందో తెలియడం లేదు. ఆయన్ని మోసం చేశానని ఇన్నేళ్లు కుమిలిపోయానే, మోసపోయింది నేనా? ఒక్క మాట అంటే ఏం పోయేది? నేను మాత్రం అన్నానా? అడుగుదామని రెండుసార్లు హాల్లోకి వెళ్లి, టీ కావాలా అని అడిగి వచ్చేశాను.

ఇక్కడిదాకా రాసేసరికి మీ నాన్నే లోపలికి వచ్చారు. "ఏంటి, ఉత్తరమా పుస్తకమా?" అన్నారు.

"మీ రీలు గురించి అడిగింది. రాస్తున్నాను."

"ఏ రీలు?" అన్నారు.

ఆయనకున్నది ఒక్కటే రీలు. కలం పక్కన పెట్టాను. "నీళ్లలో పడ్డది" అన్నాను.

ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా మంచం అంచున కూర్చున్నారు.

"ఆ రోజు నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో తెలుసా నీకు?" అన్నారు.

చీటీ మీద అరవై ఒకటి అని రాయి. పిడి సంగతి ఎవరైనా పట్టుకుని అడిగితే, అది మా అమ్మదని చెప్పు.

ఇట్లు,
ఇంకా సగమే అర్థమైన
మీ అమ్మ