సంతృప్తి వ్యక్తం చేయలేదని మనవి

ప్రథమ అప్పీలు అధికారి వారి సముఖమునకు,
కొత్తరేవులంక గ్రామ కాపురస్థుడు, ఇరిగేషన్ శాఖలో రిటైర్డ్ జూనియర్ అసిస్టెంటు, పెనుమాల చిట్టియ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఎమ్మెల్యేయు, రాబోవు పార్లమెంటు ఉప ఎన్నికలో అభ్యర్థియు అయిన శ్రీ చంద్రరావు గారు ప్రజల ఆరోగ్యం విషయమై చెప్పినదీ చేసినదీ తెలుపగోరి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టగా, వచ్చిన జవాబులో నా భార్య పేరు ఉండుట గురించి, ఆ పేరు కింద నేను అన్నట్టు రాసిన మాటను కొట్టివేయించుట గురించి.

1. దరఖాస్తు మీద సంతకం నాదే అయినా, పెట్టించినది నా భార్య సంపూర్ణమ్మ అని ముందుగా మనవి చేయుచున్నాను. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైనందున వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించవలసి వచ్చెను. మాది లంక. పంటు మీద గోదావరి పాయ దాటితే అవతల గట్టున మండల ఆసుపత్రి కలదు. అందులో డయాలసిస్ మిషన్లు రెండు. ఒకటి పనిచేయును, రెండవది మరమ్మతులో ఉండును. ఒక్కోసారి రెండూ మరమ్మతులో ఉండును. అప్పుడు రాజమండ్రి పోవలెను. మా వీధి చివరి ఇంటి వీరదుర్గకు కూడా ఇదే జబ్బు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. ఆ పిల్లా మా ఆవిడా ఒకే పంటు మీద, ఒకరి భుజం ఒకరు పట్టుకొని దాటేవారు.

2. కిందటి ఎన్నికలలో చంద్రరావు గారు మా రేవులోనే మైకు పట్టుకొని, ఈ ఆసుపత్రికి మరి నాలుగు మిషన్లు తెచ్చెదనని సెలవిచ్చియున్నారు. మా ఇంటి ఓట్లు వారికే పడినవి. ఇప్పుడు ఉప ఎన్నిక అని తెలిసి, ప్రచారం ఆటో మా వీధిలోకి రాగానే సంపూర్ణమ్మ తలుపు మూసేసి నాతో అన్నది:

"ఏవండీ, ఈసారి మైకులో ఏమన్నారో మనకొద్దు. కాగితం మీద ఏమన్నారో చూడండి. ముప్పై ఏళ్ళు ఆఫీసులో కూర్చున్నారు కదా, ఆ మాత్రం తెలుసుకోలేరా?"

3. కావున విచారణ ప్రారంభించితిని. వారి ఎన్నికల అఫిడవిట్టు చూడగా అందులో ఆస్తులు, కేసులు, చదువు కలవు. ఆసుపత్రి ఊసు లేదు. మేనిఫెస్టో చూడగా "మెరుగైన వైద్యం" అని ఒక్క ముక్క కలదు. అసెంబ్లీలో వారి ప్రసంగాలను ఫోనులో వెతికి, ఆమె మిషను మీద పడుకొని ఉండగా పక్కన స్టూలు మీద కూర్చొని చదివి వినిపించేవాడిని. ఆరోగ్యం అనే మాట నాకు దొరికినది ఒక్కచోటే. స్పీకరు గారికి జ్వరం వచ్చి తగ్గినప్పుడు, వారి ఆరోగ్యం కుదుటపడినందుకు సంతోషిస్తున్నానని చంద్రరావు గారు సభకు తెలిపియున్నారు. అది విని మా ఆవిడ నవ్విన నవ్వుకు నర్సు రూబీ గారు పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, చెయ్యి కదపకండి, సూది జరిగిపోద్ది" అని మందలించారు. ఆ తర్వాత ఆమె అంతగా నవ్వగా నేను చూడలేదు.

4. అంతట సమాచార హక్కు కింద అడిగితిని. ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి అధ్యక్షులు చంద్రరావు గారే కనుక, ఆ సమావేశాల్లో డయాలసిస్ గురించి ఏమన్నారు, మిషన్ల కోసం పైకి ఎవరికైనా రాశారా, రాస్తే ఏమైంది, ఇంతే ప్రశ్నలు. "మా పరిధిలోనిది కాదు, బదలాయించడమైనది" అని ఒక ఆఫీసు ఇంకొక ఆఫీసుకు, అది మరొకదానికి పంపెను. మా దరఖాస్తు జిల్లా అంతా తిరిగినది. అన్నవరం కొండ ఎక్కడం ఒక్కటే తక్కువ. "ఇవాళ ఎక్కడుందండీ మన కాగితం?" అని మా ఆవిడ రోజూ పొద్దున్నే అడిగేది. ఫలానా చోట ఉంది అంటే, "పోన్లెండి, అదైనా నాలుగు ఊళ్ళు చూస్తోంది" అనేది.

5. కాగితం ఇంకా తిరుగుచుండగానే, ఒక సోమవారం రెండు మిషన్లూ పనిచేయుట లేదని ఆసుపత్రివారు చెప్పగా, ఆటో మాట్లాడుకొని రాజమండ్రి బయలుదేరితిమి. ఆమె గాలి వచ్చేవైపు కూర్చుంటానంటే జరిగి చోటిచ్చాను. రావులపాలెం దాటాక తల నా భుజం మీద పెట్టింది. నిద్రపోయిందనుకొని, లేపడం ఎందుకని కదలకుండా కూర్చున్నాను. బ్రిడ్జి దాటేవరకూ అలాగే కూర్చున్నానండి. నా భార్య ప్రభువునందు నిద్రించినది.

6. మా లూథరన్ చర్చి అయ్యగారు ఇంటి ముందు షామియానా కింద ఆదరణ కూడిక జరిపించుచుండగా, చంద్రరావు గారు కార్లతో పరామర్శకు విచ్చేసిరి. వారిని అడగవలసినవన్నీ నాకు కంఠతా వచ్చును. వచ్చి మా ఆవిడ ఫోటోకు దండ వేసి, నా చెయ్యి పట్టుకొని, "ఏమండీ చిట్టియ్య గారూ, ఆసుపత్రిలో బాగానే చూశారా?" అన్నారు.

తమరు ఏ జిల్లావారో నాకు తెలియదు. మా గోదావరి వైపు ఇంటికొచ్చిన మనిషిని నిలదీయరు. అందులోనూ మనిషి పోయిన ఇంటికి పలకరింపుకొచ్చినవారిని అసలు నిలదీయరు. నేను కుర్చీ కండువాతో తుడిచి వేసి, "ఏదో, తమ దయవల్ల బాగానే చూశారండి. ఇంత దూరం శ్రమపడి వచ్చారు, అదే పదివేలు. కాఫీ తీసుకోండి" అన్నాను. కాఫీలో పంచదార సరిపోయిందా అని కూడా అడిగాను. వారి వెనక నిలబడిన పి.ఏ. గారు ఫోనులో ఏదో రాసుకొన్నారు. నాకేం తెలుసు?

7. ఇప్పుడు తమ కార్యాలయం నుంచి జవాబు వచ్చినది. మిషన్ల కోసం పైకి రాసిన ఉత్తరాలు లేవట. జతపరచినది అభివృద్ధి సంఘం వారి ఒక్క తీర్మానం నకలు. అందులోని మాటలు యథాతథముగా:

"గౌరవ అధ్యక్షులవారు డయాలసిస్ రోగి కీ.శే. పెనుమాల సంపూర్ణమ్మ కుటుంబమును స్వయముగా పరామర్శించగా, మృతురాలి భర్త ఆసుపత్రి సేవల పట్ల పూర్తి సంతృప్తి వ్యక్తం చేసియున్నారు. కావున అదనపు యంత్రముల ప్రతిపాదనను ప్రస్తుతమునకు వాయిదా వేయడమైనది."

అయ్యా, నేను సంతృప్తి వ్యక్తం చేయలేదు. మర్యాద వ్యక్తం చేశాను. ఏ మిషను లేక మా ఆవిడ పోయిందో, ఆ మిషను అక్కరలేదనడానికి మా ఆవిడనే సాక్ష్యం పెట్టారు. చంద్రరావు గారు ఆరోగ్యం గురించి ఏం చేశారో కనుక్కోమని ఆమె నన్ను పంపింది. ఆయన చేసినది మా ఇంట్లో కాఫీ తాగడమేనని తేలింది. ఈ మాట నేను ఎవరికి పోయి చెప్పుకోను? కనుక్కోమన్న మనిషి లేదు కదండీ.

8. కనుక నేను ప్రార్థించునది ఏమనగా:

క) "పూర్తి సంతృప్తి" అను మాటను నేను అనలేదు. అన్న మాటను కూడా వాపసు తీసుకొంటున్నాను. సేవలు బాగాలేవు. మిషను లేదు. నా భార్య ఆటోలో పోయింది. తీర్మానంలో ఇది రాయించవలెను.

ఖ) తీర్మానం దిద్దే అధికారం తమకు లేదని నేను ఎరుగుదును. ఎవరికి ఉన్నదో వారికి పంపగలరు. బదలాయించుట తమ శాఖకు కొత్త కాదు.

గ) వాయిదా వేసిన ప్రతిపాదనను మరల సమావేశము ముందు పెట్టించి, అధ్యక్షులవారు దానిపై ఏమన్నారో పోలింగు తేదీలోపల నాకు తెలుపవలెను. ఓటు ఎవరికి వేసేదీ తమకు అనవసరం. కానీ తెలుసుకోకుండా వేయనని ఆమెకు మాట ఇచ్చియున్నాను.

ఘ) ఇవేవీ కుదరనిచో నా భార్య పేరైనా ఆ కాగితం నుంచి తీసివేయించండి. బతికుండగా ఆమె పేరు చీటీ మీద రాసుకొని ఆసుపత్రి గుమ్మం బయట కూర్చోబెట్టారు. పోయాక ఎందుకండీ ఆ పేరు?

తప్పులున్న మన్నించి, ఆలస్యం మాత్రం చేయక, ఈ నా మొరను చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయత తప్ప వేరే అలవాటు లేని తమ విధేయుడు,
పెనుమాల చిట్టియ్య

తా.క. అయ్యా, ఇది అర్జీలో రాయకూడదనుకున్నాను. మిషను మీద సంపూర్ణమ్మ టైము ఇప్పుడు వీరదుర్గకి ఇచ్చారు. నిన్న పంటు మీద నా పక్కకొచ్చి నిలబడి, "బాబాయి గారూ, కొత్త మిషన్లు వస్తాయన్నారు కదండీ, ఎందుకు ఆగిపోయాయంటారు?" అని అడిగింది. మొహం వాచిపోయి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. నా వల్లేనమ్మా అనవలసినవాడిని, రేవు వచ్చింది, నా భుజం పట్టుకొని దిగమ్మా అన్నానండి. ఎల్లుండి మళ్ళీ ఆ పిల్ల అదే పంటు ఎక్కాలి. ఏం చెప్పమంటారు?