మోకాలితో తెరిచే మూత

తిట్టినా చివరికి నా పక్షమే వహించే అక్కకి,

ఫోన్లో అయితే నీ గొంతు వినగానే "అంతా బాగుందే" అనేస్తాను. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నా. ఏడాది పాటు పని చేసుకుంటూ ఈ దేశం చూసి పొమ్మని ఇచ్చిన వీసా శనివారంతో అయిపోతుంది. టికెట్ కొన్నానని చెప్పాను కదా, అది నిజమే. చెప్పనిది ఇంకోటుంది. మా హోటల్ లాండ్రీ సూపర్‌వైజరమ్మ పిలిచి, కావాలంటే వీసా పొడిగిస్తాం, ఇంకో ఏడాది ఉండిపోవచ్చు, శుక్రవారంలోగా చెప్పమంది. సరేననలేదు, వద్దనీ అనలేదు. దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చేశాను.

నాకేం కావాలో నాకే తెలియట్లేదక్కా. పొద్దున పెట్టె సర్దుతాను, సాయంత్రం అందులోంచి స్వెట్టర్ తీసి వేసుకుంటాను. కిటికీ కింద బస్సు మలుపు తిరిగితే ఏడుపొస్తుంది. వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకే నిద్రపట్టక తిట్టుకున్నదాన్ని. మన టైలర్ షాపులో నా మిషన్ మీద గుడ్డ కప్పి, ఎవర్నీ కూర్చోనివ్వట్లేదని మొన్న అన్నావు. విని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఊపిరాడలేదు.

ఇంకో సంగతి రాయాలంటే సిగ్గేస్తోంది. నేను వెళ్లిపోతానేమోనని నా బదులు కొత్తపిల్లని తెచ్చారు. పని నేర్పమని నాకే అప్పగించారు. మరకలు వదిలించడం, దుప్పట్లు మడవడం అన్నీ నేర్పాను, ఒక్కటి తప్ప. మా ఇస్త్రీ యంత్రం మూత బిగుసుకుపోతుంటుంది. ఎడమ మోకాలితో కింద ఒక్క పోటు పొడిస్తే తెరుచుకుంటుంది. నేను కనిపెట్టిన కిటుకు. అది చెప్పలేదు. నేను పోయాక మూత రాక, "అయ్యో, ఆ పిల్ల ఉంటేనా" అని అందరూ అనుకోవాలట. నీ చెల్లెలి బుద్ధి చూశావా?

ఎటూ తేల్చుకోలేక,
నీ బుడంకాయ

*

అక్కా,

మొన్నటి ఉత్తరానికి ఉలుకూ పలుకూ లేదు. కోపమొచ్చిందా? ముందు ఇది చదువు.

ఇవాళ మూత బిగుసుకుంది, లోపల దుప్పటి. మాడువాసన రాగానే పరిగెత్తాను. నేను చేరేలోపే కొత్తపిల్ల వెనక్కి తిరిగి నడుముతో ఒక్క తోపు తోసింది. మూత లేచింది. దుప్పటి అంచు మాత్రం కాస్త కమిలింది.

సంతోషించాలో, కుళ్లుకోవాలో తోచలేదు. ఉండబట్టలేక నా కిటుకూ చూపించాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"రోజూ ఇలాగే పొడిచేదానివా? మోకాలు నొప్పెట్టలేదా?"

ఏడాదిలో ఆ మాట ఎవరూ అడగలేదు. నొప్పెట్టిందక్కా, ఇప్పటికీ వాచే ఉంది. అక్కడే బుట్ట మీద కూలబడి ఏడ్చాను. పాపం, ఏం చేయాలో తెలియక నాకో తడి తువ్వాలు అందించింది. ఏడుస్తూనే నవ్వాను.

ఇక్కడే ఉండాలని నాకంత ఆశేం లేదనుకుంటా. నేను వెళ్లిపోతే ఏదో ఒకటి ఆగిపోవాలని ఉంది, అంతే. ఏదీ ఆగదు. సూపర్‌వైజరమ్మకి ఉండనని చెప్పేశాను. తేలికపడ్డావా అంటే, అదీ లేదు. స్వెట్టర్ ఇంకా ఒంటిమీదే ఉంది.

ఒక పని చేసిపెట్టు. నా మిషన్ మీది గుడ్డ తీసెయ్. పాలావిడ కూతురు కుట్టు నేర్పమని నీ చుట్టూ తిరుగుతోందన్నావుగా, దాన్ని కూర్చోబెట్టు. శనివారం బయల్దేరుతున్నా. నేనొచ్చాక, కాస్త జరగమని దాని పక్కనే కూర్చుంటాను.

వాచిన మోకాలితో,
నీ బుడంకాయ