ఆకుపచ్చ తీగ

జూలై 12, ఆదివారం

బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. నువ్వూ, చెల్లాయీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను ఉన్నానంటే ఉన్నాను. ఇరవై మూడేళ్ల తర్వాత నా దస్తూరీ చూసి ఈ కవరు పక్కన పడేస్తావేమో. పడేసే ముందు ఒక్క సంగతి విను. అత్తయ్య పోయారు. గురువారం పొద్దున, నిద్రలోనే. నీకు కబురు పెట్టొద్దని ఆవిడ ముందే నా దగ్గర మాట తీసుకున్నారు. కొడుకు గడప తొక్కనని ఇన్నేళ్లూ నా ఇంట్లోనే ఉన్న మనిషి మాట ఎలా కాదనను? అంతా అయిపోయాక ఇప్పుడు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను.

రెండో సంగతి మన మైక్ సెట్ల కొట్టుది. ఖాళీ చేసేస్తున్నాను. మన సరుకు ఇప్పుడెవరికి కావాలి? అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తెచ్చి బల్లమీద పెడతారు, హాలంతా మోగిపోతుంది. మోగుతుంది కానీ పలకదు. హారన్ స్పీకర్లు తుక్కు కింద వెళ్లిపోయాయి. వాల్వ్ ఆంప్లిఫయర్ ఒక్కటే మిగిలింది. పాత సెట్లు బాగుచేసి దాచుకునే ఆవిడ ఒకరు మొన్నామధ్య దాన్ని చూడ్డానికొచ్చింది. ఆ రోజు తర్వాత మళ్లీ అప్పుడే స్విచ్ వేశాను. వెంటనే మోగదేమని ఆవిడ అడగలేదు. వాల్వులు వేడెక్కేదాకా చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడింది. మన మనిషేనని అప్పుడే అర్థమైంది. స్విచ్ వేసి ఉన్నంతసేపూ సెట్‌ని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

గాజు వాల్వులు ఒక్కొక్కటీ నారింజ రంగుకి తిరిగాయి. వాటి మీద దుమ్ము కాలిన వాసన వచ్చింది. చలికాలంలో నువ్వు దాని మీద చేతులు కాచుకునేవాడివి, గుర్తుందా? ఎత్తాలంటే ఇద్దరం కావాలి. మెట్ల మీద నేను పైన, నువ్వు కింద. బరువంతా నీ మీదే వదిలేస్తానని గొణుక్కునేవాడివి. నీ జేబులో ఎప్పుడూ నల్ల టేపు చుట్ట, నా జేబులో పసుపుది. ఏ కట్టు ఎవరు కట్టారో చూడగానే తెలిసేది.

ఆ సెట్ మీ అక్క గొంతు కోసమే పుట్టింది. పల్లవికి ముందు ఆమె ఊపిరి తీసుకుంటే చివరి వరసలో కూర్చున్నవాళ్లకీ వినపడేది. ఇప్పటివాళ్లు ఆ ఊపిరిని కూడా కడిగి పారేస్తున్నారు.

కానీ దానికొక రోగం ఉండేది. వెనకాల సన్నగా, గుయ్యిమని రొద. జనం పట్టించుకునేవారు కాదు, నాకు మాత్రం పళ్లు పులిసినట్టుండేది. మీ అక్క నాకు పాముచెవులని ఊరికే పేరు పెట్టలేదు. ఎర్త్ తీగ, అదే ఆ ఆకుపచ్చది, తీసేస్తే రొద పోతుంది. మన పనివాళ్లు సగం మంది అదే చేసేవారు. నువ్వు చచ్చినా ఒప్పుకునేవాడివి కాదు. సెట్‌లో కరెంటు లీకైతే భూమిలోకి పంపేది ఆ తీగేనని, అది లేకపోతే మైకు పట్టుకున్న మనిషి గతేంటని పోట్లాడేవాడివి. ఎవరికైనా మైకు ఇచ్చే ముందు చేతి వెనకవైపు దానికి ఆనించి చూసుకునేవాడివి.

ఆ రోజూ చూశానన్నావు. వాన అప్పుడే వెలిసింది, స్టేజీ ఇంకా తడిగా ఉంది. మీ అక్క చెప్పులు విడిచి ఎక్కింది. రెండో పాటలో చరణానికి ముందు స్టాండ్ మీది మైకు చేత్తో పట్టుకుంది. మళ్లీ వదల్లేదు.

సెట్ విప్పి చూస్తే ఎర్త్ ఊడి ఉంది. వైర్లు నీ పని కాబట్టి ఆస్పత్రి వరండాలో అందరూ నీకేసే చూశారు. "నేను చూశాను బావా. ఎర్త్ ఉంది" అన్నావు. మూడుసార్లు అన్నావు. నేను తల దించుకున్నాను. అత్తయ్య ఆ తర్వాత నీ పేరెత్తలేదు. నువ్వూ కొట్టుకి రాలేదు. నీ టెస్టర్ ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది.

పోనీలే. పొరపాటు ఎవరివల్లైనా జరుగుతుంది. నువ్వేమైనా కావాలని చేశావా? నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను. ఆ మాట కాగితం మీద పెట్టడానికే ఇన్నాళ్లు పట్టింది. శుక్రవారం ఆ సెట్ వెళ్లిపోతుంది. ఆలోగా ఒక్కసారి రా, ఇద్దరం కలిసి ఎత్తుదాం. నా ఒక్కడి వల్ల కావడం లేదు.

నీ మేలు కోరే
బావ (పాముచెవులు)

తా.క.: అంటించిన కవరు మళ్లీ చింపాను. క్షమించానని రాసిన ముక్క కొట్టేద్దామనుకుని, ఉంచేశాను. నేనెలాంటివాణ్ణో నీకు తెలియాలి.

ఎర్త్ ఊడలేదు. ఊడిందని నలుగురికీ చెప్పింది నేను. మొన్నామధ్య స్విచ్ తీశాక, కొనడానికొచ్చినావిడ వెనక మూత విప్పి, ఈ తీగ ఎవరు కత్తిరించారండీ అని అడిగింది. తెలియదన్నాను. దాని చివరికి పసుపు టేపు చుట్టి ఉంది.

నువ్వు చూశావు. నువ్వు చూసినప్పుడు ఎర్త్ ఉంది. తర్వాత నువ్వు హారన్ కట్టడానికి నిచ్చెనెక్కావు, నేను మూత తీసి కత్తిరించాను. ఆ రొద భరించలేకపోయాను. మొదటి పాట అయ్యాక మీ అక్క నాకేసి చూసి నవ్వింది. రొద పోయినందుకు.

చనిపోయే ముందు రోజు అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, వాడు నిజంగానే చూడలేదా అని అడిగారు. ఇప్పుడవన్నీ ఎందుకు అత్తయ్యా అన్నాను. ఆవిడ నా చెయ్యి వదిలేశారు.

ఆ తీగ ముక్క టేపుతో సహా ఇందులో పెట్టాను. ఎవరికి చూపిస్తావో చూపించు. మీ అమ్మకి చూపించే వీలు లేకుండా చేసింది కూడా నేనే.