సీసా మీది తెల్ల గడి

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ మనవరాలికి తొమ్మిదో నెల టీకాలు వేయించడానికి నాచారం బస్తీ దవాఖానాకు వెళ్లాను. వాటిలో ఒకటి నిమోనియాకు వేసేది. నీకొచ్చిన జబ్బే.

ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సీసాల సీళ్లు తనిఖీ చేసినవాడివి. మూత చూడకుండా సోడా కూడా తాగలేదు. ఆ అనుమానం నాకూ అంటింది. నర్సమ్మ ఐస్ డబ్బా తెరవగానే అడ్డుపడ్డాను.

"నిన్నంత కరెంటు లేదు గదా. మందు ఖరాబు గాలేదని ఎట్ల నమ్మాలె?"

ఆమె కోప్పడలేదు. సీసా నా చేతిలో పెట్టింది.

"ఈ చీటీ మీది గుండ్రం నడుమ తెల్ల గడి ఉంది, సూడమ్మా. వేడి తగిల్తే నల్లవడ్తది. గుండ్రం రంగుకొస్తే పారేస్తం."

గడి తెల్లగానే ఉంది. అయినా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాను. తేదీ కూడా చూశాకే వెయ్యమన్నాను.

పాపను ఊరుకోబెడుతుంటే ఉప్పల్ డాక్టరు గుర్తొచ్చాడు. నీకు ఆ జబ్బు రాకముందే, నీ ఊపిరితిత్తులు చూసి, పెద్దవాళ్లకూ ఈ టీకా ఉందన్నాడు.

"ఫ్రిజ్‌ల సక్కగ వెట్టిన్రని గ్యారంటీ ఏంది?" అన్నావు నువ్వు.

"ఉండండి, సీసా తెచ్చి చూపిస్తా" అని ఆయన లోపలికి వెళ్లాడు. అంతలోనే నువ్వు లేచి మెట్లు దిగావు. నీ వెనకే నేనూ దిగాను.

వేయించుకుంటే బతికేవాడివో లేదో నాకు తెలియదు. నీ ప్రశ్న మాత్రం మంచిదే, బాపూ. జవాబు తేవడానికి వెళ్లిన మనిషి కోసం మనిద్దరం రెండు నిమిషాలు ఆగలేదు.