కొండ నాది, ఎలుక మీ బావది

నేను కులాసా. వేలికి తగిలిన దెబ్బ మానింది, బెంగపెట్టుకోకు.

మీ అక్క ఈపాటికే మీ బావగారి ఘనత చాటింపు వేసి ఉంటుంది. మేమిద్దరం పనిచేసే షెడ్డుకొక పికప్ బండి రిపేరుకు వచ్చింది. నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్‌వీల్ గేరు వేస్తే లైటు వెలిగేది గానీ ముందు చక్రాలు పట్టుకునేవి కావు. బండి కింద పడుకుని, ఒళ్లంతా గ్రీజు చేసుకుని, ముందు ఇరుసు మొత్తం విప్పాను. మీ బావగారు టీ తాగుతూ వచ్చి, ఇరుసును కలిపే సన్నటి గాలిగొట్టాన్ని వేలితో నొక్కి, "ఇదిగో తమ్ముడూ, ఇక్కడ చిట్లిందయ్యా" అన్నాడు. గొట్టం మార్చగానే చక్రాలు పట్టుకున్నాయి. అడ్డమొస్తోందని దాన్ని పక్కకు కట్టింది నేనే! కొండంతా నేను తవ్వితే ఎలుకను ఆయన పట్టాడు. ఓనరు ఆయన భుజం తట్టి, నావైపు తిరిగి, "ఆ విప్పినవన్నీ బిగించెయ్" అన్నాడు. చీకటిపడేదాకా బిగిస్తూనే ఉన్నాను.

ఆయన శనివారం ఇంటికొస్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు నా స్వెట్టరు ఇచ్చి పంపు. పాప దగ్గు తగ్గిందా? కుట్టుమిషను మొరాయిస్తోందని రాశావు కదా, దాని మీద దుప్పటి కప్పెయ్, ఆయన కంట పడనివ్వకు. నేనొచ్చి చూస్తాను.

పాపకు ముద్దులు, అత్తయ్యగారికి నమస్కారాలు. ఒకవేళ ఆయన మిషను బాగుచేసేసినా, నాకు మాత్రం ఇంకా ఆడటం లేదనే రాయి.