పసుపు రింగులు

జన్నారం,
ఆగస్టు 9

చిరంజీవి ఆమనికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. అలవాటు కొద్దీ "మేమంతా" అని మొదలుపెట్టి కొట్టేశాను. జూన్ నుంచి ఈ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే కదా. కరీంనగర్‌లో నువ్వూ బాపూ బాగున్నారని తలుస్తాను.

వానలు మొదలయ్యాక ఫోను రెండు మాటలకే తెగిపోతోంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నీ ఉత్తరంలో తిండి సంగతి అడిగావు. అడవి వాచర్ అంజన్న భార్య రామవ్వ రోజూ జొన్నరొట్టెలు పంపుతోంది. మోకాలి నొప్పి తగ్గింది. గది మాత్రం ఒక మూల కురుస్తోంది, మంచం ఇవతలికి జరుపుకున్నాను.

ఇక నా పక్షుల సంగతి. వాగు ఒడ్డు తుమ్మల మీద గిజిగాళ్లు మళ్లీ గూళ్లు అల్లుతున్నాయి. మగది సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడది వచ్చి, లోపల దూరి, పోచలు లాగి చూసి, నచ్చితేనే ఉంటుంది. నా పీహెచ్‌డీ అంతా ఆ నచ్చడం గురించే. నిర్మల్ కొయ్యబొమ్మ ఒకటి గూటి పక్కన వేలాడదీస్తాను, బెదురుతాయో లేదో చూడటానికి. వెంటనే తిరిగి వచ్చే మగది ధైర్యం గలది. గంటసేపు కొమ్మ చాటున కూర్చునేది బిడియస్థుడు. ధైర్యం గలవాటి కాలికి నీలం రింగు, బిడియస్థులకు పసుపు రింగు వేశాను.

నిరుడు ఆడపక్షులు ఎక్కువగా బిడియస్థుల గూళ్లలోనే చేరాయి. ఆ సంబురంలో ఉండగానే ఏప్రిల్‌లో అరుణ్ వాళ్లు నిన్ను చూసిపోయారు. "గంటలో రెండు మాటలు మాట్లాడిండమ్మా, బతుకంతా నేనే మాట్లాడాల్నా?" అన్నావు. పక్షులు సైతం నెమ్మదస్తుణ్నే ఎంచుకుంటాయని నేను చెప్పాను. నువ్వు ఒప్పుకున్నావు. ఇప్పుడు, వచ్చే గురువారం నిశ్చితార్థం పెట్టుకుని, ఇంకా భయంగానే ఉందనీ, అయినా నా పక్షులు అబద్ధం చెప్పవు కదా అనీ రాశావు.

ఆమనీ, ఇది ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

నెల కింద పక్షుల్ని పట్టే వల విప్పుతూ అంజన్న, ఈ పసుపు రింగుల వాటికే ఎందుకు జతలు కుదురుతున్నాయో తెలుసా అని అడిగాడు. నువ్వే చెప్పు అన్నాను.

"మీరే పసుపు రాసి పెండ్లికొడుకులను జేస్తిరి గద మేడం. పసుపు రాసినోన్ని ఏ పిల్ల కాదంటది?"

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జతకట్టే ఈ కాలంలో మగ గిజిగాడి తలే పసుపు. రింగు రంగుకు ఆడపక్షులు మోసపోయే ప్రమాదం ఉందని ఏళ్లుగా కాలేజీలో పాఠం చెబుతున్నదాన్ని నేనే. మరి పసుపు వాటికే ఎందుకు వేశాను? పాపం, ఎవరూ చూడనివి, శుభమైన రంగు వాటికుండనీ అనుకున్నాను. శాస్త్రం చదివిన చెయ్యి చేసిన పని అది.

మర్నాడే పన్నెండు పక్షులకు రింగులు తారుమారు చేశాను. ఇప్పటికి పసుపు వేసిన ధైర్యవంతుల్లో నలుగురి గూళ్లలో ఆడపక్షి చేరింది. నీలం వేసిన బిడియస్థుల్లో ఒక్కడికే. పన్నెండింటితో ఏదీ రుజువు కాదు. కానీ నీకు చెప్పిన మాట మాత్రం నిలబడదు.

అనుమానం నా స్వభావం, నీకు తెలుసు. ఆ ఒక్క ఫలితాన్ని మాత్రం అనుమానించలేదు. అలా రావాలని కోరుకున్నాను మరి. మీ బాపు నలుగురిలో వెలిగే మనిషి. ఇల్లెప్పుడూ జనమే. ఆ జనానికి చాయ్‌లు అందిస్తూ, నాతో ఎవరైనా మాట్లాడతారా అని ఇరవై నాలుగేళ్లు చూశాను. నీ పెళ్లిలో నా పెళ్లికి విరుగుడు వెతికాను.

అరుణ్ చెడ్డవాడని కాదు. అతనెలాంటివాడో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పాను. నువ్వు తేల్చుకునేదాకా నిశ్చితార్థం ఆపమనీ, తప్పు నాదనీ బాపుకు వేరే కాగితం రాశాను. కోపం నా మీదికే రానీ. నువ్వు అరుణ్‌తో ఒకసారి కూర్చో. అతని మౌనాన్ని నీ మాటలతో నింపకు. ఆ మౌనంలో నీకు తోడున్నట్టు ఉందో, ఒంటరిగా ఉన్నట్టు ఉందో చూసుకో. అవునన్నా కాదన్నా నీ మాటే నా మాట. రేపు పొద్దున అంజన్న కరీంనగర్ వస్తున్నాడు, ఈ కవరు నీ చేతికే ఇస్తాడు.

బాపును చేసుకుని తప్పు చేశావా అని చివర్న అడిగావు. నాలుగు రోజులు ఆ ప్రశ్న దాటేశాను. మొన్న ఆయన ఫోను చేస్తే ఒక్క నవ్వు వినిపించి లైను తెగిపోయింది. నాకు మళ్లీ ఇరవై రెండేళ్లొస్తే ఆ నవ్వు కోసమే ఆయన్ను ఎంచుకుంటానేమో, మళ్లీ ఇంత ఒంటరిదాన్నవుతానని తెలిసి కూడా. ఎందుకో నాకు తెలియదు. ఇది తెలియని మనిషి నీకు సలహా ఇచ్చింది, మన్నించు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
అమ్మ
ప్రమోదిని