కెమెరా ముందు తువ్వాలు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నిన్న నీ కొడుకు టీవీలో జడ్జి అయ్యాడు. నవ్వొద్దు.

మన హిందూపురం కేబుల్ ఛానల్లో కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు వచ్చి చెప్పుకుంటారు, నచ్చితే షావుకార్లు పెట్టుబడి పెడతారు. ఇద్దరు షావుకార్ల మధ్య ఎంబీఏ చదివిన నన్ను కూర్చోబెట్టారు. ధైర్యానికి నీ తువ్వాలు భుజాన వేసుకుని పోయాను. లైట్లు వెలిగేదాకా జోకులు కూడా వేశాను.

పెనుకొండ ఖాదర్ మెకానిక్ షెడ్డులో పని మానేసి, గింజ తీసిన చింతపండు ప్యాకెట్లు తెచ్చాడు. ఒక షావుకారు సరే అన్నాడు, ఇంకొకాయన వద్దన్నాడు. ఇక నా మాటే మిగిలింది. కొంచెం నోట్లో వేసుకుని చూశాను. తడి ఆరలేదు, నెలకే నల్లబడుతుంది. ఆ మాట టీవీలో అంటే ఊరంతా వింటుంది, అతని సరుకు ఇంకెవరూ ముట్టరు.

పదిమందిలో ఎవరి సరుకూ చులకన కాకూడదని చింతపండు మండీలో నువ్వు తువ్వాలు కిందే వేళ్లతో బేరం చెప్పేవాడివి కదా. భయంలో నేనూ అదే చేశాను. అతని చేతిమీద తువ్వాలు కప్పి, వద్దన్నట్టు అతని వేళ్లు ముడిచాను.

"ఏమప్పా, చేతులు కనపడటల్లేదు," అన్నాడు కెమెరామన్.

"తడి ఉండాది," అని ఖాదర్ చెవిలో చెప్పాను.

"ఆరబెట్టుకోని వస్తే తీసుకుంటారా అన్నా?" అన్నాడు మెల్లగా.

"తీసుకుంటాం," అనేశాను.

దుడ్లు పెట్టేది షావుకార్లు. ఆ మాట ఇచ్చే అధికారం నాకెవరూ ఇవ్వలేదు నాయనా. ఈ పొద్దున్నే ఖాదర్ మిద్దెనిండా చింతపండు ఆరబోశాడట. అది విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.